ఉలి గాట్లే చరిత్రకు ఆధారాలు

ఆదోని: ఆదోని కోట నిలిచిన కొండలు, ఎమ్మిగనూరు వైపు కనిపించే గుట్టలు కఠినమైన గ్రానైటు శిలలతో కూడినవి. యంత్రాలు, పేలుడు మందు వాడని కాలంలో ఇటువంటి శిలనే చీల్చి కోటలు, ఆలయాలు నిర్మించారు. బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు నాటి శిల్పుల నేర్పుకు నిదర్శనం.

శిల్పులు ముందుగా రాతి వాటం గమనించి గీత గీసేవారు. గీత వెంట ఉలితో వరుసగా గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు బిగించేవారు. సమ్మెటతో వంతులవారీగా కొట్టగా ఒత్తిడి సమంగా పరచుకొని బండ గీత వెంటే చీలేది. పలుచని పలకలు కావాలంటే బండపై కట్టెలు పేర్చి మంట వేసేవారు. వేడికి పైపొర వ్యాకోచించి కిందిపొర నుంచి విడిపోయేది. మొద్దుబారిన ఉలిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీటిలో ముంచి పదును పెట్టేవారు. చీల్చిన రాయిని మూలమట్టంతో సరిచూస్తూ చెక్కేవారు.

పొరుగునున్న హంపీలో సగంలో వదిలిన బండలపై ఈ గుంతల వరుసలు నేటికీ ఉన్నాయి. పూర్వపు గుంతలు సాధారణంగా దీర్ఘచతురస్రాకారంలో, లోతు తక్కువగా ఉంటాయి. నేటి డ్రిల్లింగు రంధ్రాలు గుండ్రంగా, లోతుగా ఉంటాయి.

గుంతల కొలతలు, వాటి మధ్య ఎడం నాటి పనివిధానాన్ని తెలుపుతాయి. అటువంటి బండ కంకరగా మారితే ఆ ఆధారం శాశ్వతంగా నశిస్తుంది. కనుక తవ్వకానికి ముందే గాట్లున్న బండలను గుర్తించి, కొలతలు, ఛాయాచిత్రాలు భద్రపరచడం అవసరం.