పెళ్లి క్యాసెట్ డీవీడీకి మారాలంటే..

చెన్నూరు: గోదావరి తీరంలోని చెన్నూరు ప్రాంతంలో 1991 పుష్కరాల నాటి పెళ్లిళ్లు, వేడుకలు వీహెచ్ఎస్ క్యాసెట్లలో నిక్షిప్తమై ఉన్నాయి. 2003 పుష్కరాల నాటికి వాటికి మినీ డీవీ టేపులు తోడయ్యాయి. 2015 నాటికి సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాయి. పాత టేపులు మాత్రం అటకలపైనే ఉండిపోయాయి. వాటిలో కనిపించే పెద్దలు పలువురు నేడు లేరు. వారి గొంతు మళ్లీ వినాలంటే ఆ టేపే దిక్కు.

వీసీఆర్‌తోనే అసలు చిక్కు

జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్ల తయారీని నిలిపివేసింది. ఇక పాతవే వెతుక్కోవాలి. కొనేముందు ఏదైనా పనికిరాని క్యాసెట్ వేసి బొమ్మ, శబ్దం సరిచూసుకోవాలి. వానాకాలపు తేమకు టేపు అంచున తెల్లని బూజు పట్టి ఉంటే దాన్ని ఆడించరాదు. ఆ బూజు వీసీఆర్ హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

వీసీఆర్ నుంచి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌కు కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌టీఎస్‌సీ కాక, మన దేశంలో వాడిన పాల్ పద్ధతినే ఎంచుకోవాలి. చవక పరికరాల్లో కొంతసేపటికి మాట, పెదవుల కదలిక వేరవుతుంటాయి. అందుచేత ముందుగా అరగంట ఎక్కించి చూడటం మేలు. మినీ డీవీ టేపునకు ఈ పరికరం వాడితే నాణ్యత వృథా అవుతుంది. అందులోని దృశ్యం అప్పటికే డిజిటల్ రూపంలో ఉంటుంది. దాన్ని కెమెరా నుంచి ఫైర్‌వైర్ కేబుల్ ద్వారానే తీసుకోవాలి. గంట దృశ్యానికి సుమారు 13 జీబీ స్థలం పడుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఉండదు కనుక మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఇక్కడ అక్కరకొస్తుంది.

మూడు గంటల పెళ్లి.. ఒక డిస్కు

ఎక్కించేందుకు వర్చువల్‌డబ్, మెనూ తయారీకి డీవీడీస్టైలర్, డిస్కు రాసేందుకు ఇమ్‌గ్‌బర్న్ ఉచితంగానే లభిస్తాయి. మైక్రోసాఫ్ట్ మూవీ మేకర్‌ను 2017లో ఉపసంహరించారు కాబట్టి దానికోసం వెతకనక్కరలేదు.

4.7 జీబీ డీవీడీలో గంట దృశ్యం చక్కగా ఇముడుతుంది, రెండు గంటలైనా ఫరవాలేదు. మూడు గంటల పెళ్లిని కుక్కితే ముందుగా చెడేది తలంబ్రాల ఘట్టమే. వేల గింజలు ఒకేసారి కదిలేచోట బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. రెండు డిస్కులు వాడటమే ఉత్తమం.

స్టూడియోకు అప్పగించేవారు ఎడిటింగ్ పేరిట సినిమా పాటలు పెట్టి అసలు శబ్దాన్ని తొలగించవద్దని ముందే చెప్పాలి. అమ్మమ్మ పిలుపు పోయి పాట మిగిలితే డబ్బు పెట్టి ఏం లాభం? డీవీడీతో పాటు ఎక్కించిన మూల ఫైలును కూడా అడిగి తీసుకుని, రెండు హార్డ్‌డిస్కుల్లో వేర్వేరు ఇళ్లలో ఉంచుకోవాలి. డిస్కు బంధువులకు పంచేందుకే. ఫైలు సరిగా ఆడుతోందని చివరిదాకా చూసుకున్నాక కూడా క్యాసెట్‌ను పారవేయరాదు.