కమాను పట్టీ నుండి స్ట్రట్టు వరకు

మన యెడ్లబండికి స్ప్రింగు లేదు. చక్రము రాతిపై కెక్కి దిగినప్పటి కుదుపు ఇరుసునుండి తిన్నగా బండిలో కూర్చున్నవాని వెన్నెముకకు చేరును. గడ్డి దట్టముగా పఱచి దానిపై దుప్పటి వేసికొనుటయే మన పెద్దలెఱిగిన ఉపాయము. జట్కాకు మాత్రము ఇనుప కమానులుండెడివి. ఆ కమాను పాశ్చాత్య దేశములలో గుఱ్ఱపు బండికి అమర్చబడి, మోటారు బండికి సంక్రమించి, తుదకు నేటి చిన్న కారులో చక్రము వెనుక దాగియుండు స్ట్రట్టుగా మాఱిన వృత్తాంతమును ఇచ్చట చెప్పదలచితిమి. కారు గల గృహస్థుడు ఇంటి ముంగిటనే దాని స్ప్రింగులను మార్చుకొనవచ్చునా అను ప్రశ్నకు సమాధానము కూడ ఈ వృత్తాంతములోనే యున్నది.

ఐరోపాలో పూర్వము ధనికుల బండి పెట్టెను కొయ్య గుంజలనుండి తోలుపట్టాలతో వ్రేలాడదీసెడివారు. కుదుపు తగ్గెడిది కాని పెట్టె ఉయ్యాలవలె ఊగెడిది. కడుపులో త్రిప్పుట అదనపు లాభము కాబోలును! స్ప్రింగునకు సూత్రమును చెప్పినవాడు ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్. స్ప్రింగు ఎంత సాగునో అంతకు తగిన బలముతోనే వెనుకకు లాగునని ఆయన 1678లో ప్రకటించెను. ఈ సూత్రముతో మనకు మఱల పని పడును. 1804లో ఒబదయా ఎలియట్ అను ఆంగ్లేయుడు దీర్ఘవృత్తాకారపు కమానులకు పేటెంటు పొందెను. ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, రెండు విండ్లను ఎదురెదురుగా కూర్చినట్లు చేసిన ఆ కమానులవలన బండి అడుగున నుండు బరువైన దూలము అనవసరమయ్యెను. బండ్లు తేలికపడెను.

మోటారు బండ్లు వచ్చినపుడు వానిని చేసినవారు గుఱ్ఱపు బండి కమానునే తీసికొనిరి. 1908లో హెన్రీ ఫోర్డు సంస్థ విడుదల చేసిన మోడల్ టి కారునకు ముందొకటి, వెనుక నొకటి, అడ్డముగా అమర్చిన రెండే కమానులు. కమానుకు గల సుగుణములు తక్కువవి కావు. అది బరువును మోయుటయేకాక ఇరుసును తన చోట నిలిపియుంచును. పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటచే ఊగిసలాటను కొంతవఱకు తానే అణచుకొనును. అన్నిటికంటె మిన్నగా, దాని జబ్బు కంటికి కనబడును. పట్టీ విఱిగినచో డ్రైవరు వంగి చూచి తెలిసికొనును. కొయ్యముక్క నొకదానిని ఆనించి, త్రాటితో బిగించి, మెల్లగా పట్టణము చేర్చును. మన లారీలలో నేటికిని కమాను కట్టలే హెచ్చు. విజయవాడ ఆటోనగరు వంటి తావులలో పట్టీని కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి మఱల వంపు తెచ్చు పనివారిని చూడవచ్చును. విఱిగిన పట్టీ సైతము వృథా కాదు. పల్లెల కమ్మరులు దానిని కొడవళ్ళుగను కత్తులుగను సాగగొట్టుదురు.

కాని కమాను బరువైనది. ముందు చక్రములు రెండును ఒకే ఇరుసునకు కట్టుబడియుండుటచే ఒకటి గుంటలో పడినచో రెండవదియు వణకును. వేగము పెరిగిన కొలది ఈ వణకు ప్రమాదకరమయ్యెను. రోల్స్ రాయిస్ సంస్థనుండి అమెరికాకు వెళ్ళిన మారిస్ ఆలీ అను ఆంగ్ల ఇంజనీరు జనరల్ మోటార్సులో ఈ సమస్యపై కృషిచేసెను. 1934 నమూనాల కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లలో ముందు చక్రములు దేనికది వేఱుగా చుట్ట స్ప్రింగులపై నిలిచెను. చుట్ట స్ప్రింగులో పట్టీల రాపిడి లేదు. ఒకసారి నొక్కి విడిచినచో చాలసేపు ఊగుచునే యుండును. కావున నూనెతో పనిచేయు షాక్ అబ్జార్బరు దానికి విడదీయరాని తోడయ్యెను. గొట్టములోని పిస్టను నూనెను సన్నని రంధ్రములగుండ త్రోయుచు, ఊగులోని శక్తిని వేడిగా మార్చివేయును.

స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, చక్రమును పట్టియుంచు చేతులు - ఈ మూటిని ఒకటిగా కుదించినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరుణమున జనరల్ మోటార్సువారు షెవర్లే కాడెట్ అను చిన్న కారును తలపెట్టి, ఆయనను ప్రధాన ఇంజనీరుగా నియమించిరి. ఖర్చు తగ్గవలెను, బరువు తగ్గవలెను, చోటు మిగులవలెను. ఆయన షాక్ అబ్జార్బరు గొట్టమునే లావుగా చేసి, చక్రమునకు నిలువు స్తంభముగా నిలిపి, పైభాగమున స్ప్రింగును దానిచుట్టును తొడిగి, పైకొనను కారు శరీరమునకు బిగించెను. చక్రమును పైన పట్టియుంచు చేయి అనవసరమయ్యెను. స్టీరింగు త్రిప్పినపుడు స్తంభమే తిరుగును. 1947లో సంస్థ ఆ కారును విరమించుకొనగా మెక్‌ఫర్సన్ ఫోర్డు సంస్థలో చేరెను. 1950లో లండను ప్రదర్శనమున ఆంగ్ల ఫోర్డువారి కాన్సల్, జెఫిర్ కార్లు ఈ స్ట్రట్టులతో దర్శనమిచ్చెను. ఆయన 1960లో మరణించెను. ఇంజను అడ్డముగా కూర్చుండి ముందు చక్రములనే నడుపు కార్లు, 1969 నాటి ఫియట్ 128, 1974 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ మొదలైనవి, వచ్చిన పిమ్మట చోటును పొదుపుచేయు స్ట్రట్టు మఱింత వ్యాపించెను.

మన దేశమున అంబాసిడరునకు ముందు మెలిపడు ఉక్కు కడ్డీలు, వెనుక కమానులు. పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమానులు. 1983 డిసెంబరులో గుర్గావ్‌నుండి వెలువడిన మారుతి 800తో మెక్‌ఫర్సన్ స్ట్రట్టు మన మధ్యతరగతి యిండ్ల ముంగిట నిలిచినది.

ఇక గృహస్థుని ప్రశ్న. కమాను బండిని జాకీతో లేపి ఇరుసును వ్రేలాడనిచ్చినచో కమాను చాలవఱకు సడలిపోవును. స్ట్రట్టు అట్లు కాదు. నడిమి కడ్డీ శిరస్సున ఒక్క నట్టున్నది. స్ప్రింగు నొక్కబడి దాని క్రింద బందీయై యున్నది. కారును లేపినను, స్ట్రట్టును ఊడదీసి బల్లపై పెట్టినను ఆ బంధము సడలదు. ఇప్పుడు హుక్ సూత్రమును స్మరింతము. సెంటీమీటరు నొక్కుటకు 20 కిలోల బరువు కావలసిన స్ప్రింగును ఉదాహరణగా తీసికొందము. 10 సెంటీమీటర్లు నొక్కినచో అది 200 కిలోల బలముతో తిరుగబడును. దానిలో దాగిన శక్తి 10 కిలోల బరువును మీటరు ఎత్తునకు లేపగలదు. 20 సెంటీమీటర్లు నొక్కినచో బలము రెట్టింపై 400 కిలోలగును. శక్తి మాత్రము నాలుగురెట్లయి 40 కిలోలను మీటరు ఎత్తునకు లేపగలదు. ఆ నట్టును తొందరపడి విప్పిన క్షణమున ఆ శక్తియంతయు విప్పినవాని ముఖముమీదికి వచ్చును. ప్రాణములే పోవచ్చును.

దీనికి సాధనము లేకపోలేదు. కొక్కెములుగల రెండు పొడవైన మఱలను స్ప్రింగునకు ఎదురెదురుగా తగిలించి, ఒకదాని తరువాత నొకటి కొంచెము కొంచెముగా బిగించినచో స్ప్రింగు కుదించుకొని నట్టుపై భారము తొలగును. అయితే అప్పుడు స్ప్రింగు మునుపటికంటె అధికముగా నొక్కబడి యున్నదని మఱవరాదు. కొక్కెము జారినచో అపాయము ఇంకను హెచ్చు. తాళ్ళతో, తీగలతో కట్టి ఈ పనికి పూనుకొనుట సాహసము కాదు, అవివేకము. మా అభిప్రాయమున గృహస్థుడు పనిని రెండుగా విభజించుకొనుట మేలు. చదునైన నేలపై కారును లేపి, జాకీని నమ్మక స్టాండులపై దింపి, బ్రేకు గొట్టమును లాగుడు పడకుండ తప్పించి, చక్రమువద్ద బోల్టులను, బానెట్టు క్రింద అంచున నుండు చిన్న నట్టులను విప్పి, స్ట్రట్టును మొత్తముగా వెలికి తీయవచ్చును. ఆ చిన్న నట్టుల నడుమ నుండు పెద్ద నట్టును మాత్రము ముట్టరాదు. స్ప్రింగు మార్చుటను గట్టి యంత్రమున్న వర్క్‌షాపునకు విడిచి, కూర్చిన స్ట్రట్టును తెచ్చి మఱల బిగించుకొనవచ్చును. కొన్ని దేశములలో స్ప్రింగుతో సహా ముందే కూర్చిన స్ట్రట్టులు అంగడిలో దొరకుచున్నవి. అవి లభించినచో ఈ చిక్కే లేదు.

కుడియెడమలు రెండును కలిపియే మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది అయినచో బ్రేకు వేసినపుడు కారు ఒక ప్రక్కకు ఒఱగును. పైనుండు రబ్బరు, బేరింగు అరిగియున్నవేమో అప్పుడే చూచుకొనవలెను. బోల్టులు విప్పి బిగించినపుడు చక్రపు వాలు కొంచెమైనను మాఱును గనుక, పని ముగిసిన పిమ్మట వీల్ అలైన్‌మెంటు చేయింపక దూరప్రయాణమునకు వెడలినచో టైరు ఒక అంచున అరుగనారంభించును.