నీలిదొరలు - న్యాయస్థానము

పందొమ్మిదవ శతాబ్దిలో వంగదేశపు నీలితోటల దొరలు తాము చట్టమునకు విరోధులమని యెన్నడును చెప్పుకొనలేదు. చట్టముపై వారికిగల గౌరవము మెండు. అది రైతును పట్టుకొన్నంతవఱకు. తమ విషయమున మాత్రము జిల్లా న్యాయస్థానములకు అధికారము లేదనియు, ఆంగ్లేయులుగా పుట్టినవారిని కలకత్తాలోని సుప్రీంకోర్టే విచారింపవలెననియు వాదించిరి. వారి వాదమునకు శాసనబలమును కలదు. చిన్న దౌర్జన్యమునకు జరిమానా విధించుట తప్ప మొఫసిలు మేజిస్ట్రేటు దొరను ఏమియు చేయజాలడు. నదియా జిల్లాలో కొట్లువడిన రైతు సాక్షులను వెంటబెట్టుకొని, పంటపని విడిచి, తన భాష వినబడని కోర్టునకై కలకత్తా చేరవలెను. చేరినవారెందఱు?

1833 చార్టరు చట్టముతో ఐరోపీయులు పల్లెలలో స్థిరపడుటకును భూములు సంపాదించుటకును దారి సుగమమయ్యెను. దారి తెఱచిన ప్రభుత్వమునకు వారిని అదుపులో నుంచు బాధ్యతయు తోచకపోలేదు. 1836లో మెకాలే సివిలు వ్యాజ్యములకు సంబంధించిన ప్రత్యేకహక్కు నొకదానిని తొలగింపగా కలకత్తా ఐరోపీయులు గగ్గోలు పెట్టిరి. 1849లో బెథూన్ క్రిమినలు విచారణలోను సమానత్వము తేజూచి ముసాయిదాలు ప్రకటించెను. వానికి ‘నల్లచట్టము’లని పేరుపెట్టి పోరాడి వారు నెగ్గిరి; ముసాయిదాలు మూలబడెను. వానిని సమర్థించుచు చిన్న పుస్తకము వ్రాసిన రామగోపాల ఘోషుకు వ్యవసాయోద్యాన సంఘమున ఉపాధ్యక్షపదవి పోయెను. ఉద్యానవనములకును క్రిమినలు విచారణకును గల సంబంధము ఆ సంఘమువారికే తెలియవలెను.

రైతుపై మాత్రము చట్టము పదునుగానే పనిచేసెను. నీలి వేయుటకై ముందుగా ఇచ్చు ‘దాదన్’ సొమ్ము సాధారణముగా బీఘాకు రెండు రూపాయలు. ఒకమాఱు పుచ్చుకొన్న రైతు లెక్కలలో ఋణవిముక్తుడగుట అరుదు. తండ్రి బాకీ కొడుకునకు సంక్రమించెడిది. 1859లో రైతులు నీలి నాటమని తిరుగబడిరి. మఱుసటి యేడు ప్రభుత్వము రెండు పనులు చేసెను. విచారణసంఘమును నియమించినది, దానితోపాటు, ఒడంబడిక మీఱిన రైతును మేజిస్ట్రేటు సత్వరముగా విచారించి శిక్షించుటకు ఆరునెలలపాటు చెల్లు చట్టమును తెచ్చినది. ఏ మేజిస్ట్రేటు దొరను తాకరాదో ఆ మేజిస్ట్రేటే రైతును చెఱసాలకు పంపగలడు! చట్టము తమకు వర్తింపదనువారి అసలు కోరిక ఇచట బయటపడుచున్నది. వారు కోరినది చట్టము లేకుండుట కాదు, అది ఎదుటివాని కొక్కనికే ఉండుట.

1860లోనే ఢాకాలో ‘నీలదర్పణ’మను నాటకము కర్త పేరు లేకుండ వెలువడెను. కర్త తపాలాశాఖ ఉద్యోగి దీనబంధు మిత్ర. పుస్తకము వంగభాషలో ఉన్నంతకాలము దొరలు దానిని కోర్టుకెక్కింపలేదు. 1861లో మతాచార్యుడు జేమ్స్ లాంగ్ దాని ఆంగ్లానువాదమును ప్రకటించెను. వంగప్రభుత్వ కార్యదర్శి సీటన్‌కార్ అనుమతితో ప్రతులు ప్రభుత్వముద్రతో తపాలాలో పోయెను. అప్పుడుగాని దొరలకు పరువునష్టము స్ఫురింపలేదు. రైతు తన గోడు తన భాషలో వెళ్లబోసికొన్న అది యేడుపు. పాలకుని భాషలోనికి మాఱినంతనే నేరము. భాషాంతరీకరణశక్తిని గూర్చి సాహిత్యవేత్తలు వ్రాసిన ప్రశంసలకన్న ఈ అభియోగపత్రము చెప్పినది ఎక్కువ.

మొదట ముద్రాపకునిపై వ్యాజ్యము నడిచెను. బాధ్యత తనదని లాంగ్ ముందుకు వచ్చెను. పీఠికలో రెండు ఆంగ్లపత్రికల సంపాదకులను, నాటకమున తోటదొరలను దూషించినాడని అభియోగము. జిల్లా కోర్టులను కాదన్న వర్గమునకు కలకత్తా సుప్రీంకోర్టు పుట్టినిల్లువంటిది. జడ్జి మార్డాంట్ వెల్స్ 1861 జులై 24వ తేదీన నెలరోజుల ఖైదును, వేయి రూపాయల జరిమానాను విధించెను. ఆ సొమ్మును అప్పటికప్పుడే చెల్లించినవాడు కాళీప్రసన్న సింహుడు. పండితులచే మహాభారతమును వంగభాషలోనికి అనువదింపజేయుచున్నవాడే ఆయన. అనువాదకుని పేరును మాత్రము లాంగ్ బయటపెట్టలేదు. గ్రంథముఖమున ‘ఒక స్వదేశీయుడు’ అని మాత్రమే కలదు. మైకేల్ మధుసూదన దత్తుడని వాడుక. పండితులలో వివాదము తీఱలేదు.

ఇరువదిరెండేండ్లకు పాతపోరే మరల లేచెను. బిహారీలాల్ గుప్తా కలకత్తా ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగా ఐరోపీయులను విచారింపగలిగెను. పైపదవిపై మొఫసిలుకు పోయిన ఆ యధికారమే పోవును. ఈ వింతను ఆయన ప్రభుత్వమునకు విన్నవింపగా 1883 ఫిబ్రవరిలో ఇల్బర్ట్ బిల్లు వచ్చెను. అదే నెల కలకత్తా టౌన్‌హాలులో ఐరోపీయుల నిరసనసభ జరిగెను. “చట్టమును కాదనము, భారతీయుడైన న్యాయాధికారినే కాదందుము” అన్నదే వారి వాదసారము. న్యాయాధికారిని ఏరుకొనగల నిందితునకు చట్టము కట్టుబాటు కాదు, అలంకారము. రిపన్ ప్రభుత్వము దిగివచ్చెను. 1884 జనవరి చట్టము భారతీయ జిల్లా మేజిస్ట్రేటులకును సెషన్సు జడ్జీలకును అధికారము ఇచ్చినట్లే యిచ్చి, సగమునకు తక్కువకాకుండ ఐరోపీయులో అమెరికనులో ఉన్న జ్యూరీని కోరు హక్కును నిందితునకు కట్టబెట్టెను.

1923లో ఈ భేదములు కొంత తగ్గెను. క్రిమినలు విచారణలో మిగిలిన జాతిభేదములను తొలగించు చట్టము 1949లో, స్వతంత్రభారతమున, రాజ్యాంగము పూర్తియైన సంవత్సరముననే వచ్చెను.