మేనత్తల పేర్లు

ఆ కాగితాల సంచి పక్కన పెట్టి మంటకాడికి జరుగు అబ్బీ. మీ నాయన పాసుబుక్కు దొరికిందా? ముందు సావు సర్టిఫికెట్టు తీసుకో. అది లేకుంటే ఏ ఆఫీసులోనూ మాట చెల్లదు.

మా చిన్నప్పుడు ఇంత తిరుగుడు లేదు. ఊరికొక కరణం ఉండె. ఎవరి కొడుకులెవరో, ఎవరి పొలం గట్టు యాడికో ఆయనకు నోటికొచ్చు. నలుగురు పెద్దమనుషుల ముందర పారీఖత్తు రాసుకుంటే పంపకం అయిపోయినట్టే.

నైజాము 1800లో మన సీమను కుంపిణీకి ఇచ్చేస్తే కలెక్టరుగా వచ్చినోడు మన్రో దొర. నడుమ జమీందారు లేకుండా, పొలాలు కొలిపించి, ఏ చేను ఏ రైతుదో రాయించినాడు. గవర్నరయినాక ఇట్ల వచ్చి, కలరా తగిలి 1827 జూలై 6న మన పత్తికొండలోనే పోయినాడు. మనోళ్లు పిల్లోళ్లకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్యారు. రైతు పేరు దఫ్తరానికెక్కించింది ఆయప్ప. రైతు పోయినాక ఆ పేరు మార్పించుకునేది మన పని. దాన్నే మనం చేయలేదు.

మా తాత పోయినా శిస్తు ఆయన పేరుమీదనే కడతా వస్తిమి. రసీదు వస్తాంది కదా అని ఊరకుంటిమి. 1984లో ఎన్టీ రామారావు కరణాలను తీసేసె. లెక్కల పుస్తకాలు సర్కారుకు పోయె, కరణం తలకాయలో ఉన్న వంశవృక్షాలు మాత్రం ఆయనతోనే ఇంటికి పోయె.

బ్యాంకుకు పంట అప్పుకు పోతే, పట్టా సచ్చినోడి పేరుమీద ఉందప్పా అనిరి. తాత సావు యాడా రాయించలేదు. ఇప్పుడైతే 21 దినాల్లోపల చెప్తే ఊర్లోనే అయిపోతాది. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తరువు దాకా పోతాది. ఇంకోటి, ఆదోని, ఆలూరు పక్క పాత దస్తావేజుల్లో బళ్లారి జిల్లా అని ఉంటే బెదరొద్దు. 1953 దాకా అవి బళ్లారిలోనే ఉండె.

పట్టా మార్పించుకునేదానికి ఆఫీసుకిచ్చే వంశవృక్షం రాస్తాంటే మా చిన్నాయన కొడుకులు మగోళ్ల పేర్లే చెప్పిరి. మేనత్తలు పెండ్లై పోయిరి కదా, వాళ్లెందుకు అనిరి. మూలన కూకోని ఇంటాన్న మా జేజి, "వాళ్లను నేను కనలేదా? రాయండి" అనె. ఎవరూ నోరు మెదపలేదు.

జేజికి చట్టం తెలీదు గానీ, తాత పోయేనాటికే 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చుండె, తండ్రి వాటాలో ఆడబిడ్డకూ పాలుండె. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు వచ్చె. మేనత్తలు ఇద్దరూ వచ్చిరి. ఒకామె పాలు తీసుకొనె, ఇంకొకామె వద్దని రాసిచ్చె. వద్దనేదానికైనా ముందు పేరుండాల గదా! మా తగువు కోర్టుకు పోకుండా తెగిందంటే అందుకే.

రేపు తాసిల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టుకు అర్జీ పెడతావు గదా. మీ అమ్మ పేరు మొదట రాయి, నీ పేరు పక్కనే చెల్లెలి పేరు రాయి. ఆ పిల్లకు ఈ రాత్రే ఫోన్ చేసి ఆధార్ జిరాక్సు పంపమను.