గుండెపోటు

ఆనందపురమునకు తూర్పుననున్న భీమునిపట్టణపు తీరమున జాలరి నోట "పోటు" అనగా సముద్రము పొంగుట. ఆ మాటకు ముందు "గుండె" చేరెనేని, ఇంటిల్లిపాదికి ప్రాణభయము. పొడుచు ధాతువునుండి పుట్టిన యీ పదము కత్తిపోటునకేకాక శౌర్యమునకును చెల్లినదనుటకు పోటుబంటు, పోటుమగడు అను పేళ్లే సాక్ష్యము.

అయినను వ్యాధి స్వరూపమును తరచి చూచినచో ఈ పేరు సగమే నిజమని చెప్పవలసియున్నది. గుండెను కిరీటమువలె చుట్టియున్న ధమనుల గోడలలో కొవ్వు ఏండ్లతరబడి సద్దులేక పేరుకొని, ఒకనాడు ఆ పొర చిట్లి, రక్తము గడ్డకట్టి దారి మూసికొనినప్పుడు, రోగికి కలుగునది తరచుగా పొడుపు కాదు, బరువు. వ్రేలితో ఒకచోటు చూపి "ఇక్కడ పొడుచుచున్న"దనువానికంటె, పిడికిలి ఱొమ్మునకదిమి "పట్టేసిన"దనువానినే హృద్రోగ నిపుణుడు ముందుగా బల్లపై పరుండబెట్టును. మధుమేహులకు నొప్పియే లేక, ఆయాసముతోడనో చెమటతోడనో వచ్చుటయు కలదు. పేరును నమ్మి పోటుకొరకు వేచియుండుట ప్రమాదము.

మూసిన దారిని బుడగనూది తెరచు విద్యను 1977లో జూరిచ్ నగరమున గ్రున్‌ట్‌సిగ్ అను వైద్యుడు మనుష్యులయందు తొలుత సాధించెను. పిమ్మట వచ్చిన లోహపు జాలీకి స్టెంటు అని పేరు; చిత్రమేమన, అది గుండెతో నిమిత్తములేని యొక ఆంగ్ల దంతవైద్యుని యింటిపేరు. వెల తగ్గింపదలచి 1990వ దశకమున హైదరాబాదున హృద్రోగ నిపుణులు డాక్టరు సోమరాజుగారు అబ్దుల్ కలాముగారితో కూడి రూపొందించినది మాత్రము, నిర్మాతల పేరనే కలాం-రాజు స్టెంటుగా వ్యవహారమునకెక్కినది.