చిరునవ్వునకు ఒక సంఖ్య

మన దేశమున తంతివార్తల కాలము 2013 జూలైలో ముగిసెను. ఆ కాలమును ఎరిగినవారికి శుభాకాంక్షల తంతి ఎట్లు పోయెడిదో జ్ఞాపకముండును. తంతి కార్యాలయమున ఒక పట్టిక ఉండెడిది. వివాహమునకు ఒక వాక్యము, దీపావళికి ఒకటి, పరీక్షలో ఉత్తీర్ణుడైనవానికి ఒకటి, ఇట్లు ముందుగనే కూర్చిన వాక్యములును, ప్రతి వాక్యమునకు ఎదుట ఒక సంఖ్యయు అందులో ఉండెడివి. పంపువాడు వాక్యమును వ్రాయనక్కరలేదు, సంఖ్యను చెప్పిన చాలును. తీగమీద పోయెడిది ఆ సంఖ్యయే. అవతలి ఊరి ఉద్యోగి తన పట్టిక చూచి, ఆ సంఖ్యకు తగిన వాక్యమును కాగితముపై దింపి బంట్రోతుచేత పంపెడివాడు. ఆశీర్వచనము చేరిన ఊరిలోనే రూపము దాల్చెడిదన్న మాట.

నేడు ఫోనులలో సందేశముల వెంట పోవు చిన్న బొమ్మలు, లోకమంతయు ఎమోజీలని పిలుచునవి, సరిగా ఈ పద్ధతినే నడచుచున్నవి. కన్నీళ్లు వచ్చునంతగా నవ్వు ముఖమును స్నేహితునికి పంపితిమని మనము అనుకొందుము. నిజమునకు పోయినది 128514 అను సంఖ్య. దానిని అందుకొన్న ఫోను తన పట్టిక చూచి, తన కంపెనీవారు గీయించిన ముఖమును తెరమీద చూపును. పంపినవాడు చూచిన బొమ్మయు, అందుకొన్నవాడు చూచిన బొమ్మయు ఒకటే కానక్కరలేదు. ఈ సంగతి తెలియకపోవుటచేత చిక్కులు వచ్చిన సందర్భములు కలవు. వాటిని పిదప చెప్పెదను.

వ్రాతకు ముఖము లేదన్న బాధ పాతదే. ఎదుటివాని కనుబొమలు, కంఠస్వరము ఉత్తరములో కనబడవు, వినబడవు. అందుచేతనే మనవారు శుభలేఖ అంచులకు పసుపు పూసిరి. అశుభవార్త తెచ్చిన కార్డును గుమ్మము బయటనే చదివి చింపివేసిరి. అక్షరము చదువకముందే ఉత్తరము స్వభావము తెలియవలెనన్నది ఆ ఆచారము వెనుకనున్న కోరిక. పాశ్చాత్యులలో ఈ కోరిక అచ్చు అక్షరములమీదికి ప్రాకినది. 1881 మార్చిలో 'పక్' అను అమెరికా హాస్యపత్రిక, చుక్కలు, గీతలు, కుండలీకరణములు మాత్రమే కూర్చి నాలుగు ముఖములను అచ్చువేసెను: ఆనందము, విషాదము, ఉదాసీనత, ఆశ్చర్యము. అది ఆ వారపు పరిహాసముగనే నిలిచిపోయెను. 1969లో నవలాకారుడు నబొకోవ్ ఒక పత్రికా ఇంటర్వ్యూలో, చిరునవ్వునకు అచ్చులో ఒక గుర్తు ఉండిన బాగుండునని, వెల్లకిల పడుకొన్న కుండలీకరణము వంటిది అందుకు తగునని అనెను. అప్పుడును ఎవరును పట్టించుకొనలేదు.

మధ్యలో పచ్చని గుండ్రని ముఖమొకటి వచ్చెను. 1963లో అమెరికాలోని వూస్టర్ పట్టణమున ఒక బీమా కంపెనీ తన ఉద్యోగుల ఉత్సాహమును పెంచుటకై హార్వీ బాల్ అను చిత్రకారునిచేత దానిని గీయించెను. అతనికి ముట్టినది 45 డాలర్లు. హక్కులు ఆయన నమోదు చేసికొనలేదు. కోటానుకోట్ల బొత్తాములమీద ఆ ముఖము నవ్వెను కాని, ఉత్తరములోనికి మాత్రము రాలేదు.

ఉత్తరములోనికి నవ్వు వచ్చినది ఒక అపార్థము మూలమున. 1982లో పిట్స్‌బర్గ్ నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, కంప్యూటరు శాఖవారు ఒకరికొకరు వ్రాసికొనుటకై యంత్రములో ఒక ప్రకటనఫలకమును ఏర్పరచుకొనిరి. తెగి క్రిందికి పడుచున్న లిఫ్టులో పాదరసపు చుక్క ఏమగునని ఒకనాడు వారిలో చర్చ జరిగెను. మరియొకరు ఆ చర్చను సాగదీసి, లిఫ్టులో నిజముగనే పాదరసము ఒలికినట్లు వేళాకోళపు హెచ్చరిక వ్రాసిరి. దానిని కొందరు నిజమని నమ్మిరి. పరిహాసమునకు ఏదైన గుర్తు పెట్టవలెనని వాదోపవాదములు మొదలయ్యెను. సెప్టెంబరు 19వ తేదీన స్కాట్ ఫాల్మన్ అను అధ్యాపకుడు ఒక సూచన చేసెను: రెండు చుక్కలు, ఒక చిన్న గీత, ఒక ముగింపు కుండలీకరణము. తలను ఎడమ భుజముమీదికి వంచి చూచినచో నవ్వుముఖము. కుండలీకరణమును త్రిప్పినచో ఏడుపుముఖము. ఆ సందేశమును భద్రపరుపవలెనని నాడు ఎవరికిని తోచలేదు. 2002లో పాత టేపులను వెదకి దానిని బయటికి తీసిరి. టైపు మీటలమీద ముందే ఉన్న గుర్తులనే వాడుటచేత దీనికి ఎవరి అనుమతియు అక్కరలేకపోయెను. అదియే దాని బలము.

జపానువారు మెడ వంచుటకు ఇష్టపడలేదు. 1986 ప్రాంతమున వారు నిలువుగా చూచు ముఖములను కల్పించిరి. అందులో ప్రధానము నోరు కాదు, కన్నులు. మన నాట్యశాస్త్రము ఎరిగినవారికి ఇందులో వింత కనబడదు.

అసలు బొమ్మకు సంఖ్య ఇచ్చిన దేశము జపాను. 1990లలో అక్కడి బాలికలు జేబులోని పేజరులతో సందేశములు పంపుకొనెడివారు. ఒక కంపెనీ తన పేజరులో హృదయపు గుర్తును పెట్టి, పిదప వ్యాపారస్థులకు అది ఎందుకని తీసివేయగా, ఆ చిన్న వాడుకదారులు దానిని విడిచి వేరొక కంపెనీకి పోయిరని ప్రసిద్ధి. 1997లో జె-ఫోన్ అను కంపెనీ 90 బొమ్మలు గల ఫోనును అమ్మెను. ఫోను ఖరీదైనది, కొన్నవారు కొద్దిమంది. 1999 ఫిబ్రవరిలో డొకొమో కంపెనీ 'ఐ-మోడ్' అను సేవను ప్రారంభించినప్పుడు, దానికై షిగెటాకా కురిటా అను యువకుడు 176 బొమ్మలను సిద్ధము చేసెను. ఆయన చిత్రకారుడు కాడు. ఒక్కొక్క బొమ్మకు ఆయనకు లభించిన స్థలము 12 చుక్కల పొడవు, 12 చుక్కల వెడల్పు, మొత్తము 144 చుక్కలు. వాతావరణ సూచనలోని ఎండ, గొడుగు, వీధి గుర్తులు, జపాను బొమ్మల కథలలో ఆలోచన తట్టినప్పుడు వెలుగు దీపము, కంగారుపడినవాని నొసటి చెమటబొట్టు, వీటిని ఆయన ఆ ఇరుకు గడులలో కుదించెను. మన ముగ్గులు వేయు ఇల్లాలికి చుక్కల లెక్కలో రూపము దింపుట ఎట్టి పనియో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ 176 బొమ్మలను 2016లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల స్వీకరించెను.

ఎమోజీ అను పేరు కూడ అక్కడిదే. జపాను భాషలో 'ఎ' అనగా బొమ్మ, 'మోజి' అనగా అక్షరము. ఎమోషన్ అను ఇంగ్లీషు మాటతో దానికి సంబంధమున్నట్లు తోచుట కేవలము కాకతాళీయము.

డొకొమో బొమ్మలు ప్రజలకు నచ్చెను. తక్కిన కంపెనీలును తమ తమ బొమ్మలను, తమ తమ సంఖ్యలతో ప్రవేశపెట్టెను. అప్పుడు ఒక కంపెనీ ఫోనునుండి పంపిన హృదయము మరియొక కంపెనీ ఫోనులో హృదయముగా దిగలేదు. దాని చోట రెండు అడ్డగీతలు కనబడెడివి. ఆ గీతల పేరు 'గెటా', అనగా జపాను కొయ్యచెప్పు. పూర్వము అచ్చుకూటములలో కావలసిన అక్షరము దొరకనిచో ఏదో ఒక అచ్చును తలక్రిందులుగా పెట్టెడివారు. దాని అడుగు కాగితముపై కొయ్యచెప్పు జాడవలె పడెడిది. ప్రియురాలు హృదయమును పంపగా ప్రియునికి చెప్పు అందెనని పరిహాసమాడుటకు ఇంతకంటె తగిన సందర్భము దొరకదు.

దీనిని సరిదిద్దగల సంస్థ ఒకటి అప్పటికే ఉండెను. ప్రపంచ లిపులన్నిటిలోని ప్రతి అక్షరమునకు ఒక్కొక్క శాశ్వత సంఖ్య ఇచ్చు ప్రణాళిక పేరు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. జపాను ఉత్తరములను తమ యంత్రములలో చెడకుండ నిలుపవలెనన్న అవసరముతో గూగుల్, యాపిల్ కంపెనీల ఇంజనీర్లు 2009లో బొమ్మలకును సంఖ్యలు ఇమ్మని ఆ సంస్థను కోరిరి. బొమ్మ అక్షరమగునా అని పండితులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న సమంజసమే. కాని కోట్లమంది దానిని అక్షరముల నడుమ వ్రాయుచుండగా, లిపికి సేవచేయు సంస్థ కాదనలేకపోయెను. జాతీయపతాకముల విషయము మరింత చిక్కయ్యెను. జపాను కంపెనీలు పది దేశముల జెండాలనే పెట్టుకొనియుండెను. భారతదేశము అందులో లేదు. పది దేశములకు మాత్రమే సంఖ్య ఇచ్చుట అంతర్జాతీయ సంస్థకు సాధ్యమా? కనుక జెండాలకు బదులు 26 ఇంగ్లీషు అక్షరములకు ప్రత్యేక గుర్తులు ఏర్పరచి, రెండు కలిసినచో ఆ దేశపు జెండా చూపవచ్చునని నిర్ణయించిరి. మన త్రివర్ణపతాకము ఈ విధముగ 'ఐ', 'ఎన్' అను రెండు గుర్తుల కలయిక. 2010 అక్టోబరులో ఈ బొమ్మలన్నియు లోకపు అక్షరమాలలో చేరెను.

మన లిపులకును వీటికిని ఒక రహస్యబంధుత్వము కలదు. ఒత్తులు, సంయుక్తాక్షరములు గల భారతీయ లిపులకై, అరబ్బీ లిపికై యూనికోడులో కంటికి కనబడని రెండు గుర్తులున్నవి. ఒకటి ప్రక్క ప్రక్క అక్షరములను కలుపును, ఒకటి విడదీయును. 2015 నుండి ఆ కలుపు గుర్తునే బొమ్మలకును వాడుచున్నారు. పురుషుడు, స్త్రీ, బాలిక అను మూడు బొమ్మల నడుమ దానిని ఉంచినచో ఒక కుటుంబపు బొమ్మ ఏర్పడును. తండ్రి, తల్లి, బిడ్డ ఒక సంయుక్తాక్షరమైరి! విడదీయు గుర్తు మాత్రము 2018 ఫిబ్రవరిలో మనకు అపకీర్తి తెచ్చెను. తెలుగు 'జ్ఞా' నడుమ అది చొరబడిన రూపమును తెరమీద చూపబోయి ఐఫోనులు స్తంభించిపోయెను. కొద్ది దినములకే సవరణ వెలువడెను. తప్పు యంత్రముదైనను, అక్షరమునే ప్రమాదకరమని పత్రికలు వ్రాసినవి.

ఇక అర్థముల సంగతి. రెండు చేతులు జోడించిన బొమ్మను జపానువారు వేడుకోలునకును, కృతజ్ఞతకును ఉద్దేశించిరి. మనకది నమస్కారము. పరామర్శకును అదియే, వాదన చేసి అలసినవాడు 'నీకో దండము' అని విసుగుకొనుటకును అదియే. అమెరికాలో కొందరు దానిని ఇద్దరు అరచేతులు చరచుకొనుటగా భావించిరి. ఇట్టి భేదము నవ్వుకొనుటకు బాగుండును. పిస్తోలు బొమ్మ విషయము అట్టిది కాదు. 2016లో యాపిల్ కంపెనీ దానిని పిల్లల నీటితుపాకిగా మార్చెను; తక్కిన పెద్ద కంపెనీలు చాలవరకు 2018లో మార్చెను. నడుమ రెండేండ్లు, ఆటకు పంపిన నీటితుపాకి అవతలి ఫోనులో నిజమైన పిస్తోలుగా దిగుచుండెను. సంఖ్య ఒకటే, చిత్రములు రెండు.

బొటనవ్రేలు న్యాయస్థానముల వరకు పోయెను. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రమున 2021లో ఒక ధాన్యపు వర్తకుడు అవిసెగింజల కొనుగోలు ఒప్పందమును ఫోటో తీసి రైతునకు పంపి, ధ్రువపరుపుమని అడిగెను. రైతు బొటనవ్రేలు ఎత్తిన బొమ్మను పంపెను. ధర పెరిగినది, గింజలు రాలేదు. అందినదని చెప్పితినే కాని అంగీకరింపలేదని రైతు వాదించెను. 2023లో న్యాయమూర్తి, ఇద్దరికిని మునుపటినుండి గల వాడుకను బట్టి అది సంతకమేనని తేల్చి, 82,000 డాలర్లకు పైగా చెల్లింపుమనెను. 2024లో అప్పీలు కోర్టును అదే చెప్పెను. అదే 2024లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ముందు వేరొక బొటనవ్రేలు నిలిచెను. ఒక అధికారి హత్యను గూర్చిన వాట్సాప్ సందేశమునకు ఆ బొమ్మను పెట్టినందుకు ఒక రైల్వే రక్షణదళ ఉద్యోగి కొలువు పోయియుండెను. చూచితినని తెలుపుటకు కూడ దానిని వాడుదురని, హత్యకు సంతోషించినట్లు భావింపరాదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఒకచోట రైతునకు పనికిరాని వాదమే మరియొకచోట ఉద్యోగిని కాపాడెను. నాకు రెండు తీర్పులును న్యాయముగనే తోచుచున్నవి. ఎవరు, ఎవరికి, ఏ మాటకు బదులుగా పంపిరో చూడక బొమ్మకు అర్థము చెప్పుట నిఘంటువునకును సాధ్యము కాదు.

క్రొత్త బొమ్మకు సంఖ్య కావలెనని ఎవరైనను యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన పంపవచ్చును. దేవతామూర్తులను, వ్యాపారచిహ్నములను, ఫలానా వ్యక్తుల ముఖములను వారు అంగీకరింపరు. 2019లో ప్రమిద, చీర, ఆటోరిక్షా, హిందూ దేవాలయము ఒకేసారి ఆ జాబితాలో చేరెను. 2024 సెప్టెంబరు నాటికి మొత్తము 3,790 బొమ్మలయ్యెను.

తాంబూలమునకు మాత్రము ఇంకను సంఖ్య లేదు. పుచ్చుకొన్నచో మాట ఇచ్చినట్లే అని మన పెద్దలు అంగీకరించిన గుర్తు అది; కెనడా న్యాయమూర్తికి దానితో పని సులువై యుండెడిది. ప్రతిపాదన వ్రాయదలచిన తెలుగువారు ఒక నియమమును గమనింపవలెను. బొమ్మను 18 చుక్కల పొడవు, 18 చుక్కల వెడల్పు గల గడిలో కూడ గీసి పంపవలెను. అంత చిన్న గడిలో తమలపాకు రావి ఆకువలె కాక తమలపాకువలెనే కనబడవలెను, దానిపై వక్కయు కనబడవలెను.