మన్యంలో వ్యాపారి: లాభమా, ధ్యేయమా?

మన కథల్లో మన్యం షావుకారు దుర్మార్గుడు. ఈనాటి పత్రికల్లో అరకు కాఫీ సంస్థాధిపతి ఆదర్శవాది. ఇద్దరినీ మనం కొలుస్తున్నది ఒకే కొలమానంతో: అతని మనసులో ఏముంది? ఒకడిది ధనదాహం, మరొకడిది సేవాభావం. రచయితలకు ఈ పద్ధతి సులువు. చరిత్ర మాత్రం దీనికి లొంగదు.

ఘాటీ ఎక్కి వచ్చిన షావుకారు ఉప్పూ, బట్టా అప్పిచ్చి చింతపండూ, అడ్డాకూ పట్టుకెళ్లాడు. తూకం అతనిదే, ఖాతా అతనిదే, చివరకు భూమీ అతనిదే అయింది. వాళ్లలో దయగలవాళ్లూ ఉండకపోరు. కాని వడ్డీ వదులుకున్న షావుకారు పక్క షావుకారు పోటీకి ఎన్నాళ్లు నిలుస్తాడు? అతన్ని అదుపు చెయ్యబూనినవి చట్టాలూ, తిరుగుబాట్లూ. మద్రాసు ప్రభుత్వం 1917లో చేసిన చట్టం ఏజెన్సీలో వడ్డీకి నూటికి 24 హద్దు పెట్టింది, భూమి బదిలీకి అనుమతి తప్పనిసరి చేసింది. కాగితం మీద హద్దు కొండమీద హద్దు కాలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక కూడా షావుకారు కొండ దిగలేదు. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న నేలకొరిగారు. కొండలు భగ్గుమన్నాయి. 1970లో 1/70 నిబంధన వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని మొదట భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది అనుభవదారుడే. (దీనికి పోరాటం ఒక్కటే కారణమని నేననను. పోరాటం లేకుండా వచ్చేదనీ అనలేను.)

అరకు కాఫీకి పాదు ఇదే. 1960లలో అటవీశాఖ వేసిన తోటల్లో గిరిజనుడు కూలీ. తరువాత ఐ.టి.డి.ఎ., కాఫీ బోర్డుల సాయంతో తన చెక్కలోనే సిల్వరోక్ నీడన మొక్క నాటాడు. కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. భూమి తనది కాబట్టే ఆగగలిగాడు. ఆ భూమి కిందనే ఖనిజం కూడా ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో, గిరిజనేతరులకు లీజులివ్వడానికి ప్రభుత్వానికీ హక్కు లేదని సుప్రీంకోర్టు సమత కేసులో 1997లో తేల్చింది.

ఆ మరుసటి ఏడాది హైదరాబాదులో పుట్టిన నాంది ఫౌండేషన్ అరకు గిరిజన రైతులను సహకార సంఘంగా కూర్చింది. వారి కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. వెనుక పేరుమోసిన పారిశ్రామికవేత్తలున్నారు. వారి ధ్యేయాన్ని నేను శంకించను. రైతుకు మంచి ధర దక్కడం చిన్న సంగతేమీ కాదు. కాని పారిస్ బేరం కొండమీద జరగదు. రేపు ఆ ధ్యేయం సడలితే రైతు చేతిలో మిగిలేది చెట్టూ, చెట్టుకింద నేలా.

2025లో, పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్న మాట వినబడింది. మన్యం బంద్ పాటించింది. సవరించబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది.